తైనాన్ కాలువ గట్ల మీద: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

తైవాన్ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది తైపే చూసి తిరిగొచ్చేస్తారు. కాలువలు, తూములు, లాకులు అంటే ఇష్టం ఉన్నవాళ్లు మాత్రం దక్షిణాన తైనాన్‌కి వెళ్లాలి. అక్కడ సముద్రతీరం నుంచి 3,952 మీటర్ల యుషాన్ శిఖరం దాకా 177 కిలోమీటర్ల బాట ఉంది. మైదానంలో అది చాలావరకు చియానాన్ సాగునీటి కాలువల వెంటే పోతుంది.

అంతా తిరగక్కర్లేదు. సముద్రం వైపు గట్లు చదునుగా, సైకిల్‌కి హాయిగా ఉంటాయి గానీ నీడ బొత్తిగా లేదు, పది దాటితే మాడు పగిలిపోతుంది. టైమ్ తక్కువైతే ఆ ముక్క వదిలేసి లోకల్ రైల్లో లుంగ్‌థియెన్‌లో దిగండి. ఊషాన్‌టౌ జలాశయం అక్కడికి దగ్గరే, సైకిల్ మీద పోవచ్చు. దారిలో గ్వాన్‌థియెన్ మడుగుల నిండా సింగాడా తీగలే. శరదృతువులో ఉడికించిన కాయలు రోడ్డు పక్కనే అమ్ముతారు.

అసలు చూడాల్సింది ఊషాన్‌టౌ. జపాన్ పాలనలో ఇంజనీరు హత్తా యోయిచి 1920లో పని మొదలుపెట్టి 1930లో పూర్తి చేసిన మట్టి ఆనకట్ట ఇది, పొడవు 1,273 మీటర్లు. ఆయకట్టు దాదాపు లక్షన్నర హెక్టార్లు. అంత భూమికి ఒకేసారి ఇచ్చేటన్ని నీళ్లు లేవు. అందుకని మూడేళ్ల వంతు పెట్టారు: ఒక ఏడు వరి, ఒక ఏడు చెరకు, ఇంకో ఏడు మెట్ట పంటలు. చివరి భూముల రైతుకీ ఎంతో కొంత దక్కాలన్నది లెక్క. వంతుల కోసం గొడవపడ్డ ఊళ్లవాళ్లకి ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పాలా?

హత్తా విగ్రహం దగ్గర కాసేపు ఆగండి. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర గుర్రమెక్కి కనిపిస్తాడు. ఈయన పనిబట్టల్లో నేల మీద చతికిలబడి, ఏదో లెక్క తేలనట్టు ఆలోచిస్తుంటాడు. పరాయి పాలకుల ఇంజనీరే అయినా ఏటా మే 8న, ఆయన పోయిన రోజున, అక్కడ నివాళి జరుపుతారు. అందరికీ ఆయనంటే భక్తి అనుకోవద్దు: 2017లో ఎవరో విగ్రహం తల నరికేశారు, వారాల్లోనే విగ్రహాన్ని బాగుచేశారు. నన్ను ఇంకా కదిలించింది పనిలో పోయినవాళ్ల స్మారక స్తంభం. తైవానీయులు, జపనీయులు అని విడదీయకుండా పేర్లన్నీ కలిపి చెక్కారు. దగ్గర్లో హత్తా కుటుంబం ఉన్న ఇంటితో పాటు ఆనాటి ఇళ్లు కొన్ని బాగుచేసి 2011లో పార్కుగా తెరిచారు. చక్కగా ఉన్నాయి, కాస్త మరీ నున్నగా తీర్చినట్టున్నాయి.

ఇదే మైదానంలో ఇప్పుడు నీళ్లు బాగా తాగే కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలున్నాయి. 2023లో వర్షాలు లేక ఇక్కడి మొదటి వరి పంటకు నీళ్లు ఆపేశారు. అది తెలిసి చూస్తే ప్రశాంతంగా కనిపించే ఈ కాలువ మీద ఎంత టెన్షన్ ఉందో అర్థమవుతుంది.

బసకి తైనాన్ నగరమే మేలు. జలాశయం దగ్గర రాత్రి ఉంటే పొద్దున గట్టు మీద నడక బాగుంటుంది, నిజమే, కానీ చీకటి పడితే తిండికి తిప్పలు. హైస్పీడ్ రైల్లో వచ్చేవాళ్లు గుర్తుంచుకోండి: ఆ స్టేషన్ ఊరికి దూరం, అక్కడి నుంచి మళ్లీ లోకల్ రైలెక్కాలి. ఈజీకార్డ్ ఒకటి కొనుక్కుంటే లోకల్ రైళ్లకీ బస్సులకీ సరిపోతుంది. పల్లె బస్సులు మాత్రం అరుదు, ఒకటి తప్పితే చాలాసేపు ఎదురుచూడాలి.

శాకాహారులకి భయం లేదు. బోర్డు మీద స్వస్తిక్ గుర్తు కనిపిస్తే అది బౌద్ధుల శాకాహార హోటల్. కావలసినవి పళ్లెంలో పెట్టుకుంటే చాలాచోట్ల తూచి డబ్బు తీసుకుంటారు. ఉల్లి, వెల్లుల్లి సాధారణంగా ఉండవు, కారం పెద్దగా ఉండదు. పచ్చడి పొట్లం వెంట ఉంచుకోండి.

ఎండ, తుఫాన్ల గోల లేకుండా తిరగాలంటే నవంబరు తర్వాత వెళ్లండి. నిండు కాలువ, పచ్చటి వరి కావాలంటే మాత్రం ఆ ఎండనే భరించాలి.