రోక్యురోనియం పట్టు వదిలించడానికి ఏది మేలు: నియోస్టిగ్మినా, సుగమడెక్సా?

రోక్యురోనియం ఆపరేషన్‌లో కండరాలను సడలించే మందు. దాని పట్టు వదిలించే మందులే ఈ రెండూ. ముందు ఒక మాట. నరాన్ని ప్రేరేపించి చూసే మానిటర్ దగ్గర లేకపోతే ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్నకు అర్థం లేదు.

నరం చివర విడుదలైన ఎసిటైల్‌కోలిన్ అణువులు రెండు అతుక్కుంటే గానీ కండరం మీది రిసెప్టర్ (ఆ అణువులు అతుక్కునే ద్వారం) తెరుచుకోదు. అది తెరుచుకుంటే సోడియం లోపలికి వస్తుంది, విద్యుత్ తరంగం కండరమంతా పాకుతుంది, లోపలి కాల్షియం బయటపడి కండరం ముడుచుకుంటుంది. రోక్యురోనియం ఆర్టీసీ బస్సులో కర్చీఫు వేసినట్టు ఆ రిసెప్టర్‌ను ఆక్రమిస్తుంది, అంతే. నాలుగింట మూడొంతుల రిసెప్టర్లు నిండేదాకా కండరం బలం తగ్గినట్టే కనిపించదు. అందుకే రోగి చెయ్యి కదిలించాడని మందు దిగిపోయిందనుకోకూడదు.

నియోస్టిగ్మిన్ రోక్యురోనియం జోలికి పోదు. ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపి, పోటీలో దాని సంఖ్య పెంచుతుంది. ఎంజైము పూర్తిగా ఆగాక డోసు పెంచినా ఫలితం పెరగదు. కాబట్టి మణికట్టు దగ్గర అల్నార్ నరానికి అర సెకను తేడాతో నాలుగు షాకులిస్తే బొటనవేలు నాలుగుసార్లూ కదిలాకే ఇవ్వాలి. 60 కిలోల మనిషికి కిలోకు 0.05 మి.గ్రా. లెక్కన 3 మి.గ్రా., తోడుగా గ్లైకోపైరోలేట్ 0.6 మి.గ్రా. ఆ తోడు మరిస్తే గుండె వేగం పడిపోతుంది, నోట్లో స్రావాలు ఊరతాయి. ప్రభావం గరిష్ఠానికి చేరడానికి పది నిమిషాలు పడుతుంది. ఇచ్చిన మూడో నిమిషంలోనే ఊపిరి ట్యూబు తీసేయడం తరచూ జరిగే పొరపాటు. ఊపిరి తీయించే కండరం డయాఫ్రమ్ తొందరగా కోలుకుంటుంది, గొంతు కండరాలు ఆలస్యం చేస్తాయి. రోగి ఊపిరి తీస్తూనే ఉంటాడు, మింగలేడు.

సుగమడెక్స్ దారే వేరు. ఉంగరం ఆకారంలో ఉండే ఈ చక్కెర అణువు రక్తంలోని రోక్యురోనియంను ఒకటికి ఒకటిగా తనలో బంధిస్తుంది. రక్తంలో అది తగ్గేకొద్దీ కండరం దగ్గర ఉన్నదీ రక్తంలోకి వచ్చేస్తుంది. ఆ నాలుగు షాకులకు రెండు కదలికలు కనిపిస్తే కిలోకు 2 మి.గ్రా., లోతైన బ్లాకుకు (ఒక్క కదలికా లేనప్పుడు) 4, రోక్యురోనియం ఇచ్చిన వెంటనే ఊపిరి మార్గం దొరకని అత్యవసరంలో 16. 200 మి.గ్రా. వయల్ ఒకటి 60 కిలోల మనిషికి మొదటి డోసుకు సరిపోతుంది, రెండోదానికి చాలదు. సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది.

మరి నియోస్టిగ్మిన్ అవసరం తీరిపోయిందా? లేదు. రోక్యురోనియం బదులు వేరే సడలింపు మందులైన అట్రాక్యూరియం, సిసట్రాక్యూరియం వాడితే సుగమడెక్స్ దండగే, వాటిని అది పట్టుకోలేదు. ఖరీదూ చాలా ఎక్కువ. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి సిఫారసు చేయరు. అరుదుగానైనా తీవ్రమైన అలర్జీ రావచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీకి ఏడు రోజులు అదనపు జాగ్రత్త తీసుకోమని చెప్పాలి. ఇది ఎక్కువమంది మరిచిపోయే విషయం.

నాలుగు కదలికలూ వచ్చి, వ్యవధి ఉంటే నియోస్టిగ్మిన్ చాలు. లోతైన బ్లాకైనా, మయస్తీనియా (కండరాలు బలహీనపడే జబ్బు) రోగి అయినా సుగమడెక్సే. ఏది ఇచ్చినా నాలుగో కదలిక బలం మొదటిదానిలో 0.9కి చేరాకే ట్యూబు తీయాలి. కంటితో చూసి ఆ సంఖ్య చెప్పడం కుదరదు, నిష్పత్తి 0.4 దాటితే తేడా కంటికి ఆనదు.

సుగమడెక్స్ ఇచ్చిన 24 గంటల్లోపు రక్తస్రావమై రోగిని మళ్లీ థియేటర్‌కు తెస్తే, రోక్యురోనియం బదులు సిసట్రాక్యూరియం తీయండి.