పాలకాయతిప్ప బీచ్, హంసలదీవి: ఐదుకి నాలుగు

మా అమ్మమ్మ వాళ్లది కృష్ణా జిల్లా కోడూరు. మాఘ పౌర్ణమికి బండి కట్టుకుని హంసలదీవి వెళ్లడం, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునిగి వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని రావడం వాళ్లింటి ఆనవాయితీ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత తాతయ్య కొన్నేళ్లు సముద్రం మొహం చూడనన్నాడు. మళ్లీ బయల్దేరదీసింది అమ్మమ్మే. ఇప్పుడు మేం పిల్లలతో కార్లో వెళ్తున్నాం.

అయినా మీరు పౌర్ణమికి వెళ్లకండి. ఆ రోజు జనం తప్ప ఏమీ కనపడదు. మార్చిలో, మామూలు రోజు, తెల్లారేసరికి అక్కడుండేలా చూసుకోండి. మనిషి అలికిడి ఉండదు. అడుగు పడితే చాలు, ఎర్ర పీతలు బొరియల్లోకి దూరిపోతాయి.

అసలు చూడాల్సింది తాబేళ్లని. ఆలివ్ రిడ్లేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుక తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలూ నక్కలూ తినేయకుండా అటవీ శాఖ వాళ్లు వాటిని ఏరి, కంచె లోపల మళ్లీ పాతిపెడతారు. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. ఈసారి సరిగ్గా వదిలే రోజున వెళ్లాం. ఒక్కోటి అరచేతిలో సగం కూడా లేదు. మా చిన్నది ఒకదాన్ని ఎత్తి నీళ్లలో పెడదామని వంగితే, అక్కడి కుర్రాడు "వద్దమ్మా, దాన్నే నడవనీ" అన్నాడు. అల వెనక్కి తోసేసింది. వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకుని తిరగబడి, మళ్లీ అటే పరుగు! కాస్త అవతల ఒక పెద్ద తాబేలు చచ్చిపడుంది. వలలో చిక్కితే ఊపిరి కోసం పైకి రాలేవు మరి. పిల్లలకి అది కూడా చూపించాను.

నీళ్లు విశాఖలో లాగా నీలంగా ఉంటాయనుకోకండి, ఏటి ఒండ్రుతో మట్టిరంగులో ఉంటాయి. సంగమం దగ్గర లోతుకి అసలు దిగొద్దు, లాగేస్తుంది. సంగమం దాకా ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ రేటు ముందే తేల్చుకోండి. మాకు వెళ్లేటప్పుడు ఒకటి చెప్పి, తిరిగొచ్చాక ఇంకోటి అడిగాడు. అయితే ఒక స్టార్ కోసింది అతని మీద కోపంతో కాదు, ఇసుకలో సగం పాతుకున్న మందు సీసాలు చూసి. టిఫిన్ అవనిగడ్డలోనే కానిచ్చేసి, మంచినీళ్లు ఎక్కువే పెట్టుకోండి.