పర్లాకిమిడి బస్టాండు దగ్గరి దరఖాస్తుల షాపు: పింఛనుదారులకు పనికొచ్చే చోటు

ఈ షాపుకు సొంత పేరు లేదు. పైన ఉన్నది ఏదో ఫోను కంపెనీ ఉచితంగా ఇచ్చిన బోర్డు, అది కూడా ఎండకు వెలిసిపోయింది. బస్టాండు నుంచి పాతపట్నం వైపు నడుస్తూ జెరాక్స్ షాపు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. జెరాక్స్, లామినేషను, పాన్ కార్డు, కరెంటు బిల్లు వంటివి అన్ని షాపుల్లోనూ ఉన్నవే. నేను రాసేది అక్కడ జరిగే దరఖాస్తుల పని గురించి. ముఖ్యంగా బ్యాంకు మీ అరియర్స్ (వెనకటి బకాయి సొమ్ము) పట్టుకుని ఇవ్వనంటే అక్కడికి ఎందుకు వెళ్లాలో చెబుతాను.

మా ఆయన నౌపడా–గుణుపురం లైనులో రైల్వే ఉద్యోగి, గ్రూప్ సి, అంటే కింది తరగతి ఉద్యోగం. 2009 జూన్‌లో అరవై నిండి రిటైరయ్యారు, 2012 మేలో పోయారు. అప్పటి నుంచి ఫ్యామిలీ పింఛను నా పేర వస్తోంది. రిటైరైన మనిషి పోతే మొదట కొంతకాలం పెద్ద రేటు ఇస్తారు, చివరి జీతంలో సగం. అది ఏడేళ్లు, లేదా ఆయన బతికి ఉంటే 67 నిండే రోజు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అంతవరకే. ఆ తర్వాత 30 శాతానికి దిగుతుంది. మా ఆయనకు 67 నిండేది 2016 జూన్‌లో. బ్యాంకు ఏడేళ్లు మాత్రమే లెక్కేసుకుని 2019 మే దాకా పెద్ద రేటే వేసింది. పుట్టిన తేదీ పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) మొదటి పేజీలోనే ఉంది. చదవడానికి వాళ్లకు తీరిక దొరకలేదు.

ఇది ఇన్నేళ్లూ ఎవరికీ పట్టలేదు. ఏడో వేతన సంఘం లెక్క ప్రకారం సవరించిన పీపీఓ నిరుడు చాలా ఆలస్యంగా వచ్చింది. 2016 జనవరి నుంచి పెరిగిన తేడాకు అరియర్స్ 1,12,460 రూపాయలు తేలాయి. వంటింటి పైకప్పు వేయిద్దామని నేను మేస్త్రీతో మాట్లాడి పెట్టుకున్నాను. పాస్‌బుక్కులో మాత్రం ఒక్క పైసా పడలేదు. అడగ్గా అడగ్గా ఒక కాగితం ఇచ్చారు: అధిక చెల్లింపు 2,82,083 రూపాయలు, అరియర్స్ మొత్తం అందులో సర్దుబాటు చేయడమైనది, మిగిలిన 1,69,623 నెలనెలా పింఛనులో మూడో వంతు చొప్పున వసూలు చేయబడును. కింద సంతకం, ముద్ర. ఏ నెలకు ఎంత ఎక్కువ ఇచ్చారో ఒక్క ముక్క లేదు.

ఇటువంటి కాగితం పట్టుకుని వెళ్తే ఊళ్లో మిగతా టైపు షాపులవాళ్లు ఏం రాస్తారో నాకు తెలుసు. మా వీధిలో ఒకావిడకు రాసి ఇచ్చిన ఉత్తరం చూశాను. నేను వృద్ధురాలిని, దిక్కులేనిదానిని, దయతో కరుణించి నా డబ్బు ఇప్పించగలరు అని రెండు పేజీలు. బ్యాంకు జవాబు మూడు వాక్యాలు.

ఈ షాపతను కంప్యూటర్ ముందు కూర్చోవడానికే ఒప్పుకోలేదు. పీపీఓ రెండూ, పాత పాస్‌బుక్కులు, బ్యాంకు కాగితం అన్నీ తెమ్మన్నాడు. తెచ్చాక తిరగేసి, "అప్పా, ఈ 2,82,083 ఎలా వచ్చిందో వాళ్లు చెప్పారా?" అని అడిగాడు. మా వైపు అప్ప అంటే అక్క. లేదన్నాను. "అయితే ముందు మనం డబ్బు అడగవద్దు. లెక్క అడుగుదాం," అన్నాడు.

మొదటి ఉత్తరం ఏడు లైన్లు. అందులో వృద్ధురాలు లేదు, కరుణ లేదు. నెలవారీగా రావలసినది ఎంత, ఇచ్చినది ఎంత, తేడా ఎంత అన్న పట్టిక ఇవ్వండి. ఏ ఉత్తర్వు ప్రకారం వసూలు చేస్తున్నారో దాని నకలు ఇవ్వండి. పింఛను మొదలైనప్పుడు నేను సంతకం పెట్టినట్టు చెబుతున్న హామీపత్రం నకలు ఇవ్వండి. అంతే. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుని రమ్మన్నాడు. ముద్ర వేయనంటే రిజిస్టరు పోస్టులో పంపుదామన్నాడు. వేశారు.

పట్టిక రావడానికి నెల దాటింది. అది వచ్చిన రోజు అతని పని చూడాలి. సవరణకు ముందు లెక్క ప్రకారం పెద్ద రేటు 17,990, చిన్న రేటు 10,794, తేడా నెలకు 7,196. 2016 జూలై నుంచి 2019 మే దాకా 35 నెలలు. ఇంతవరకు సరే. దానిమీద డీఏ, అంటే కరువు భత్యం, కలపాలి కదా. 2016 జూలైలో డీఏ 2 శాతం, 2017 జనవరికి 4, జూలైకి 5, 2018లో మొదట 7, తర్వాత 9, 2019 జనవరికి 12. బ్యాంకువాళ్లు 35 నెలలకూ ఆ చివరి 12 శాతమే వేసి లాగారు! అతను కాలిక్యులేటర్ నా చేతికిచ్చి, "మీరే కొట్టండి, నేను చెబితే నమ్మకం ఉండదు," అన్నాడు. కొట్టాను. 2,67,835 వచ్చింది. నాకు ఇవ్వని నెలల డీఏను నా దగ్గర వసూలు చేయబోయారు, 14,248 రూపాయలు. చీటీలు వేసి ఇంటి లెక్క నడిపినదాన్ని నేను. ఇలాంటి తప్పు మా చీటీలో ఎవరైనా చేసి ఉంటే మర్నాడు వీధిలో తలెత్తుకునేవారు కాదు.

రెండో ఉత్తరంలో ఈ తప్పుతో పాటు చట్టం సంగతి పెట్టాడు. సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో పంజాబ్ రాష్ట్రానికీ రఫీక్ మసీహ్‌కూ మధ్య జరిగిన కేసులో, గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగుల నుంచి, రిటైరైనవాళ్ల నుంచి ఇలా వెనక్కి లాగకూడదని చెప్పింది. దాన్ని పట్టుకుని కేంద్రం 2016 మార్చి 2న ఉత్తర్వు ఇచ్చింది. అయితే అందులో ఒక మెలిక ఉంది: మాఫీ చేయాలంటే కేంద్ర ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం అనుమతి కావాలి. అంటే బ్యాంకు మేనేజరు మనసు కరిగినా కాకపోయినా ఒకటే, మాఫీ అతని చేతిలో లేదు. అందుకే ఉత్తరం బ్యాంకుకొకటి, పింఛను మంజూరు చేసిన రైల్వే ఆఫీసుకొకటి తయారైంది. కేంద్ర పింఛనుదారుల ఫిర్యాదుల పోర్టల్ సీపెన్‌గ్రామ్స్‌లో కూడా నమోదు చేసి, నంబరు నా పాస్‌బుక్కు అట్ట మీద రాశాడు.

నాకు నచ్చినది ఇంకొకటి, మనకు అనుకూలం కాని మాట దాచడు. 2016 జూలైలో అదే సుప్రీంకోర్టు జగదేవ్ సింగ్ కేసులో, ఎక్కువ వస్తే తిరిగి ఇస్తానని రాసిచ్చినవాళ్లకు ఈ రక్షణ లేదంది. పింఛను ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకులు అటువంటి హామీపత్రం తీసుకోవడం మామూలే. "మీరూ సంతకం పెట్టే ఉంటారు అప్పా, వాళ్లు ఆ కాగితం చూపిస్తే మన వాదన బలం తగ్గుతుంది," అని ముందే చెప్పాడు. వాళ్లు ఇంతవరకు చూపించలేదు. 2025 ఏప్రిల్‌లో మన ఒడిశాకే చెందిన కేసు, కటక్ జిల్లా కోర్టుల స్టెనోగ్రాఫర్లది, సుప్రీంకోర్టు మళ్లీ రికవరీ చెల్లదనే అంది. ఆ వార్త ముక్కను అతను గోడకు అతికించాడు, పక్కనే లక్ష్మీదేవి క్యాలెండరు.

ఫలితం చెప్పకపోతే చదివేవాళ్లకు అన్యాయం. బ్యాంకు 12 శాతం తప్పు ఒప్పుకుని బాకీని 2,67,835కు తగ్గించింది. రైల్వే ఆఫీసు తేల్చేదాకా నెలనెలా కోత ఆపింది. అరియర్స్ మాత్రం ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి. పైకప్పు మేస్త్రీ వేరే పనికి వెళ్లిపోయాడు. కాబట్టి డబ్బు ఇప్పించే షాపని నేను రాయడం లేదు. కాని మూడో వంతు కోత ఆగడమంటే మా ఇంట్లో మందుల బిల్లు ఆగకుండా ఉండడం.

ఇక లోపాలు. కూర్చోవడానికి ఒకే ప్లాస్టిక్ కుర్చీ ఉంది, దానికి ఒక కాలు పొట్టి. రసీదు ఇమ్మంటే నవ్వుతాడు, ఇవ్వడు. పేజీకి ముప్పై రూపాయలు న్యాయమే కాని స్కానింగుకు విడిగా తీసుకుంటాడని ముందు చెప్పడు. ఒడియా ఉత్తరాలు చక్కగా రాస్తాడు, ఇంగ్లీషూ బాగానే ఉంటుంది, హిందీ మాత్రం మా మనవరాలు చదివి రెండుచోట్ల దిద్దింది. మధ్యాహ్నం ఒంటిగంటకు షట్టరు దింపితే నాలుగు దాకా ఎత్తడు, ఎవరు తట్టినా సరే. కరెంటు పోతే ఆ రోజు పని అంతే, ఇన్వర్టరు లేదు. పక్కన టీ కొట్టు రేడియో మోత వల్ల చెవి సరిగా వినపడనివాళ్లకు ఇబ్బంది.

వెళ్లేవాళ్లు పాత పాస్‌బుక్కులు పారేయకుండా తీసుకెళ్లండి, అవి లేనివాళ్లను అతను ముందు బ్యాంకు స్టేట్‌మెంటుకు పంపుతాడు. బ్యాంకుకు రాసిన ఉత్తరానికి ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైనులో ఫిర్యాదు పెట్టే పని కూడా చేస్తాడు, అందుకైనా ముద్ర వేసిన ప్రతి దగ్గరుండాలి. ఉదయం తొమ్మిదికల్లా వెళ్తే తీరికగా మాట్లాడతాడు. నవంబరులో మాత్రం వెళ్లకండి. లైఫ్ సర్టిఫికెట్ల కోసం వేలిముద్రలు పడని ముసలివాళ్లందరూ ఆ ఒక్క కుర్చీ చుట్టూ ఉంటారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని.