చదువు అయ్యాక చూస్తే: అమెరికా మేలా, జర్మనీ మేలా?

నా మాస్టర్స్ గ్రేడు 1.7 అని ఫోన్లో చెప్పగానే మా నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పోనీలేప్పా, మళ్ళీ రాసుకోవచ్చు కదా" అన్నాడు. జర్మనీలో 1.0 అంటే అన్నిటికన్నా పై గ్రేడు, 4.0 దాటితేనే ఫెయిల్ అని వివరించాక గానీ ఆయన మనసు కుదుటపడలేదు. మా పెద్దమ్మ కొడుకు, కర్నూలు అన్న, టెక్సాస్‌లో చదివాడు. ఆయనకు ఈ బాధ లేదు. నల్ల గౌను, టోపీ, స్టేజీ మీద ఫోటో. అది ఇప్పుడు వాళ్ళ హాల్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కనే ఉంది. నా పట్టా పోస్టులో వచ్చింది. థీసిస్ డిఫెన్స్ అయ్యాక ప్రొఫెసరూ, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళూ బల్ల మీద వేళ్ళ కణుపులతో టకటకా కొట్టారు. అక్కడ చప్పట్లంటే అవే. ఆపైన ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇద్దరం ఇంచుమించు ఒకే సమయానికి చదువు ముగించాం కాబట్టి, అనంతపురంలో ఎవరింటికి వెళ్ళినా ఇదే ప్రశ్న: "ఏది మేలప్పా? మావాణ్ణి ఎక్కడికి పంపమంటావ్?" కన్సల్టెన్సీల వాళ్ళు చెప్పేది చేరేటప్పటి లెక్క: ర్యాంకు, ఫీజు, వీసా. చదువు అయిపోయిన రోజున మన పరిస్థితి ఏమిటన్నది వాళ్ళకు అక్కర్లేదు. నాకు మాత్రం అదే అసలు లెక్క అనిపిస్తుంది.

ముందు అప్పు సంగతి. అమెరికాలో మామూలు స్టేట్ యూనివర్సిటీలో చదివినా ఫీజు, తిండి, అద్దె కలిపి 40 లక్షల పైమాటే. ప్రభుత్వ బ్యాంకు అంత లోన్ ఇవ్వాలంటే ఆస్తి తాకట్టు పెట్టాలి. మన వైపు పదెకరాల చేను ఉన్నవాళ్ళు కూడా ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని దీనికి తీసుకోవు. టౌన్లో ఇల్లో, ప్లాటో ఉండాలి. దానికి ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ కావాలి. అవేవీ కుదరనివాళ్ళు ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల దగ్గరికి పోతారు, తక్కువ పడింది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. రెండు రూపాయలంటే వినడానికి చిన్నదే. ఏడాదికి 24 శాతం.

45 లక్షల లోన్, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ళు అనుకుంటే నెలకు ఈఎంఐ 60 వేలు దాటుతుంది. చదువుకునేటప్పుడు పెరిగిన వడ్డీ ఇందులో చేర్చలేదు.

జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోల కాంట్రిబ్యూషన్ కడితే సరిపోతుంది. అయితే "జర్మనీ అంటే ఫ్రీ" అనేది ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటి బయటి దేశాల వాళ్ళ దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. యూరో వంద రూపాయలనుకుంటే 12 లక్షలు. కానీ అది ఫీజు కాదు, నెలకు 992 చొప్పున మన ఖర్చులకే తిరిగి వస్తుంది. రెండో ఏడాదికి పార్ట్‌టైమ్ పని తోడైతే 15 లక్షల లోన్‌తో బయటపడొచ్చు. అదే వడ్డీకి ఈఎంఐ 20 వేలు.

ఇంతవరకు జర్మనీదే పైచేయి. అయితే అమెరికాలో చదువు చెప్పిన టైముకు అయిపోతుంది. అన్న రెండేళ్ళు నిండకముందే ముగించాడు. జర్మనీలో రెండేళ్ళ కోర్సు అంటారు గానీ, నాకు తెలిసినవాళ్ళలో రెండున్నర, మూడేళ్ళు పట్టినవాళ్ళే ఎక్కువ. థీసిస్ ఒక్కటే ఆరు నెలలు. చాలాచోట్ల ఒక పరీక్ష మూడుసార్లు తప్పితే ఆ కోర్సు నుంచే పంపించేస్తారు. ఆ మూడోసారి రాసేవాళ్ళ ముఖాలు చూడలేం.

జీతం కూడా అంతే. అమెరికాలో ఏడాదికి 90 వేల డాలర్ల ఉద్యోగం దొరికితే 45 లక్షల అప్పు మూడు నాలుగేళ్ళలో తీరిపోతుంది. జర్మనీలో 50 వేల యూరోల జీతమంటే పన్నులు, ఇన్సూరెన్సు, పెన్షన్ పోను పెళ్ళికానివాడి చేతికి నెలకు వచ్చేది 2,600, 2,700 మధ్య. బతకొచ్చు, 20 వేల ఈఎంఐ కట్టొచ్చు. ఊళ్ళో మేడ మాత్రం లేవదు.

ఉద్యోగం దొరికితే అమెరికాయే మేలు, అందులో వాదన లేదు. దొరక్కపోతే? చెనక్కాయలు వేసేవాడు మంచి వాన పడిన ఏడాదిని బట్టి అప్పు చేయడు. పడని ఏడాది ఎలాగన్నది చూసుకుని చేస్తాడు. అలా చూస్తే లెక్క తిరగబడుతుంది.

అమెరికాలో చదువు అయ్యాక అక్కడే పని చేసుకునే అనుమతి, అంటే ఓపీటీ, ఏడాది; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సులకు ఇంకో రెండేళ్ళు. మొత్తం మూడేళ్ళంటే తీరిగ్గా ఉన్నట్టే వినిపిస్తుంది. కానీ మొదటి ఏడాది ఉద్యోగం లేకుండా ఉండగలిగేది 90 రోజులే. చేసే పని కూడా చదివిన సబ్జెక్టుకు సంబంధించిందే అయి ఉండాలి. ఆ రోజుల్లో అన్నకు ఫోన్ చేస్తే "తిన్నావా" అని కాదు, "ఎన్ని మిగిలాయి" అనేదే మా పలకరింపు. పెద్దమ్మకు ఈ సంగతి చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. ఉద్యోగం వచ్చాక మార్చిలో అక్కడి ఉద్యోగ వీసా హెచ్-1బీకి లాటరీ: ఏడాదికి కోటా 65 వేలు, అక్కడి మాస్టర్స్ వాళ్ళకు అదనంగా 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు కర్నూలులో ఆ ఇంట్లో రెండు రోజులు సరిగా వంట కూడా చేయలేదు. దేశం లోపలే ఉండి స్టూడెంట్ వీసా ఎఫ్-1 నుంచి మారేవాళ్ళకు అది వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చింది కాబట్టి ఊపిరి పీల్చుకున్నారు. ఆ టెన్షన్ అంతా దాటినా, ఇండియాలో పుట్టినవాళ్ళకు గ్రీన్ కార్డు పదేళ్ళ పైమాటే.

జర్మనీలో డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఇస్తారు. ఆ కాలంలో ఏ పనైనా చేయొచ్చు. గోడౌనులో పార్సెళ్ళు సర్దుకుంటూ అద్దె కట్టుకుని, మధ్యలో ఇంటర్వ్యూలకు వెళ్ళొచ్చు. చదివినదానికి తగ్గ ఉద్యోగం రెండేళ్ళు చేసి, బీ1 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో మూడోది) జర్మన్ ఉంటే శాశ్వత నివాసానికి అప్లై చేసుకోవచ్చు. లాటరీ లేదు.

ఉన్నదల్లా భాష. నా క్లాసులన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. ఉద్యోగ ప్రకటనలు మాత్రం బీ2, సీ1 అడుగుతాయి. దానికితోడు మెకానికల్ వాళ్ళు నమ్ముకున్న కార్ల కంపెనీలే ఇప్పుడు తగ్గించుకుంటున్నాయి. 2030 లోపు 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించేందుకు ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబరులో యూనియన్లతో ఒప్పందం చేసుకుంది. ఏ1తో దిగి, తర్వాత చూసుకుందాంలే అనుకున్నవాళ్ళకు ఆ 18 నెలలు కూడా చాలడం లేదు.

ఎవరూ లెక్కలో వేసుకోనిది ఇంకొకటుంది: తిరిగి రావడం. నాకు జర్మనీ మేలనిపించడానికి అసలు కారణం ఇదే. 20 వేల ఈఎంఐ ఉన్నవాడు అక్కడ నచ్చకపోయినా, నాయనకు బాగాలేకపోయినా, సర్దుకుని వచ్చేయొచ్చు. బెంగళూరులో ఉద్యోగం చూసుకుని, శనివారం బస్సెక్కితే నాలుగైదు గంటల్లో అనంతపురం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉండనే ఉంది. 60 వేల ఈఎంఐ ఉన్నవాడు బెంగళూరు జీతంతో అది కడుతూ బతకలేడు. రావాలని ఉన్నా రాలేడు. అన్న అక్కడ ఉన్నది ఇష్టంతోనా, అప్పు వల్లా అని నేను ఎప్పుడూ అడగలేదు.

అందుకని అందరికీ ఒకే జవాబు చెప్పను. కంప్యూటర్ సైన్స్ చదివి, కోడింగ్‌లో నిజంగా గట్టివాడై, లోన్ మునిగినా ఇంటిమీదికి రాని కుటుంబమైతే అమెరికాకే పొమ్మంటాను. మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ వాళ్ళకూ, ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టాల్సినవాళ్ళకూ జర్మనీ. మా చిన్నాన్న కూతురు సివిల్ చదివింది. వాళ్ళకు ఆస్తి అంటే ఆ ఇల్లొకటే, ఇంకా తమ్ముడి చదువు ఉంది. జర్మనీయే చెప్పాను, కానీ బీ1 అయ్యాకే విమానం ఎక్కమన్నాను. ఆన్‌లైన్లో ఏ1 క్లాసులు మొదలుపెట్టింది. 2022 నవంబరు నుంచి వీసాకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన మార్కుల పత్రాలు అసలైనవేనని జర్మనీ తరఫున పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి కాబట్టి మార్కుల మెమోలు దానికి పంపింది. యూనివర్సిటీల లిస్టు ఆ తర్వాత చూద్దామన్నాం.