అవిశ్వాస తీర్మానమా, ప్రశ్నోత్తరాల సమయమా?

లోక్‌సభ ప్రభుత్వాన్ని నిలదీయడం అనగానే చాలామందికి గుర్తొచ్చేది అవిశ్వాస తీర్మానం. 50 మంది సభ్యులు మద్దతిస్తే చర్చ జరుగుతుంది, నెగ్గితే మంత్రివర్గమంతా దిగిపోవాలి. 1963లో నెహ్రూ ప్రభుత్వంపై కృపలానీ పెట్టిన మొదటి తీర్మానం నుంచి ఒక్కటీ నెగ్గలేదు. 2018లో తెలుగుదేశం పెట్టినదీ 126–325 ఓట్లతో వీగిపోయింది. అయినా ప్రత్యేక హోదా గోడు ఆ రోజు దేశమంతా విన్నది. అది చిన్న విషయమేమీ కాదు.

నా ఓటు మాత్రం సభ్యులు మంత్రులను ప్రశ్నలడిగే గంటకు, అంటే ప్రశ్నోత్తరాల సమయానికే. నక్షత్రం గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి. మొదటి జవాబు అధికారులు రాసిస్తారు, ఆ తర్వాత వచ్చే అనుబంధ ప్రశ్నలకు మంత్రి సొంత అవగాహనే దిక్కు. పైగా ఓటింగు లేదు కనుక విప్ (పార్టీ చెప్పినట్టే ఓటేయాలన్న ఆదేశం) భయమూ లేదు, అధికార పక్ష సభ్యుడూ గట్టిగా అడగవచ్చు. వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల్లో జీవిత బీమా సంస్థ పెట్టిన డబ్బు గురించి 1957లో కాంగ్రెస్ సభ్యుడే అయిన ఫిరోజ్ గాంధీ నిలదీశారు. చాగ్లా కమిషన్ విచారణ తర్వాత 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

అందుకే 2020 వర్షాకాల సమావేశాల్లో కరోనా కారణంగా ఈ గంటను రద్దు చేసి, రాతపూర్వక జవాబులతో సరిపెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. కాగితం మీది జవాబును సభలో ఎదురు ప్రశ్నించే అవకాశం ఎవరికీ ఉండదు.