వగరు బరోలో, పుల్లని బార్బెరా

ఇటలీ వాయవ్య మూలన, పీడ్‌మాంట్‌లోని లాంగే కొండలంటే వైన్ పిచ్చివాళ్లకి బరోలో అనే ఖరీదైన ఎర్ర వైన్ గుర్తొస్తుంది. నాకు మాత్రం అక్కడిదే 9 యూరోల ఎర్ర వైన్, బార్బెరా, గుర్తుండిపోయింది. టొరినోలో చదువుకుంటున్న మా మేనల్లుడిని చూడ్డానికి అక్టోబరు చివర్లో వెళ్లినప్పుడు, నేనూ మా ఆవిడా వాడూ కలిసి రెండు రోజులు అటు వెళ్లొచ్చాం.

టొరినో నుంచి ఆల్బా దాకా రైలు సుఖమే. గంట పైనే పడుతుంది. అసలు తిప్పలు ఆల్బాలో దిగాక. ఆదివారం కావడంతో కొండమీది ఊళ్లకి మాకు బస్సు దొరకలేదు. పదిహేను కిలోమీటర్లు కూడా లేని లా మోర్రాకి టాక్సీ అతను 40 యూరోలు గుంజాడు. కారు అద్దెకి తీసుకుందామంటే నడిపేవాడు గ్లాసు ముట్టకూడదు: రక్తంలో లీటరుకి 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటితే ఇటలీలో జరిమానా.

పైగా ఆ రోజుల్లో ఆల్బాలో తెల్ల ట్రఫుల్ అనే ఖరీదైన నేలపుట్టగొడుగుల సంత. గదుల రేట్లు చెట్టెక్కి కూర్చుంటాయి. ద్రాక్షతోట మధ్య ఒక రైతు ఇంట్లో గదికి 95 యూరోలు ఇచ్చాం. మంచం కిర్రుకిర్రుమంది, వైఫై పేరుకే. కానీ పొద్దున్నే పెట్టిన హేజిల్‌నట్ కేకుకి ఇవన్నీ మాఫీ చేసేశాను. కిటికీ తీస్తే లోయంతా పొగమంచు కింద మునిగిపోయి, అవతలి ఊరి చర్చి గంటస్తంభం ఒక్కటే కనిపించింది. పొగమంచుని వాళ్లు నెబ్బియా అంటారు. బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్షకి ఆ పేరు దాన్నుంచే వచ్చిందని ఇంటావిడ చెప్పింది.

అక్కడి నుంచి కిలోమీటరు దిగువన ఓ కుటుంబం వైన్ చేస్తుంది. తండ్రి ట్రాక్టరు మీద, కూతురు రుచి చూపించే బల్ల దగ్గర, నాయనమ్మ లోపల సీసాలకి లేబుళ్లు అంటిస్తూ. ముందుగా మెయిల్ పెట్టి వెళ్లాలి. మనిషికి 15 యూరోలు, మూడు రకాలు. పోసేది రెండేసి గుక్కలే, నంజుకోడానికి గ్రిస్సిని అనే కరకరలాడే బ్రెడ్ పుల్లలు కూడా అడిగితేగానీ రాలేదు.

మొదట దొల్చెత్తో అనే ఎర్ర వైన్. పేరుకి అర్థం చిట్టి తియ్యనిదట, తీపి మాత్రం లేదు. తర్వాత బార్బెరా. నేరేడుపళ్లు తిన్న నాలుక రంగు. నోట్లో పోసుకోగానే చెర్రీ రుచి, ఆ వెంటనే దవడల్లో నీరూరించే పులుపు. వగరు దాదాపు లేదు. ఆఖరున బరోలో. గ్లాసు అంచున ఇటుక రంగు, గులాబీ వాసన బ్రహ్మాండం, తాగితే పచ్చి జామకాయ కొరికినట్టు నోరంతా పట్టేసింది.

"ఇంకా ఊరలేదురా," అంది మా ఆవిడ, మాగాయ జాడీ మూత తీసి చెప్పినట్టు. మేనల్లుడు దాన్ని ఇటాలియన్‌లో చెప్తే ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. వాళ్ల నాయనమ్మ కూడా అదే అంటుందట.

బరోలోకీ బార్బెరాకీ రేటులో తేడా ఎందుకని అడిగాం. ఎండ బాగా తగిలే దక్షిణపు వాలు నెబ్బియోలోకి, మిగిలిన చోటు బార్బెరా ద్రాక్షకి. బరోలో వైన్‌ని 38 నెలలు, అందులో కనీసం 18 నెలలు చెక్క పీపాల్లో, ఉంచాకే అమ్మాలి. బార్బెరాకి అంత నిరీక్షణ లేదు. అక్కడ బరోలో సీసా 38 యూరోలు. ఇంకో సంగతీ ఉంది. 1986లో ఇటలీలో బార్బెరా లాంటి చవక వైన్‌లో మిథనాల్ కలిపితే 20 మందికి పైగా చనిపోయారు. మన కల్తీ సారా కథే. ఆ దెబ్బ బార్బెరా పేరు మీద గట్టిగానే పడింది.

భోజనం దగ్గర ఒక జాగ్రత్త: మెనూలో 'కార్నే క్రూదా' అంటే పచ్చి దూడమాంసం. 'ప్లిన్' అనే చిన్న కజ్జికాయల్లాంటి వాటిలోనూ మాంసమే ఉంటుంది. వెన్నతో చేసిన తాయరిన్ (గుడ్డు కలిపిన సన్నని పాస్తా) అడగండి, గుడ్డు తినేవాళ్లయితే.

మూడు బార్బెరాలు కొన్నాం. ఒకటి ఆ రాత్రే టొరినోలో మేనల్లుడి గదిలో తెరిచాం. ఆవకాయతో తాగితే కారం రెండింతలై మంట పుట్టింది, వైన్ రుచే తెలియలేదు. ముద్దపప్పు, నెయ్యి, బంగాళాదుంప వేపుడుతో మాత్రం సీసా అడుగంటింది. మిగతా రెండూ తువ్వాళ్లలో చుట్టి పెద్ద సూట్‌కేసులో వేశాం. మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేదు. శంషాబాద్‌లో ఎవరూ అడగలేదు.