బీపీ బిళ్ళ మంచిదే, నా బాధంతా దాని అట్టతోనే

నేను వాడేది టెల్మిసార్టన్ 40, రోజూ పొద్దున్న ఒకటి. నాలుగేళ్లుగా బీపీ అదుపులోనే ఉంది. మందుకి అయిదుకి అయిదు మార్కులు వేస్తాను. అది వచ్చే అట్టకి మాత్రం ఒక్కటే. ఇలాంటి అట్టలు చాలా కంపెనీలవి ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

నాకు 66 ఏళ్లు. అమలాపురంలో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టాను. కత్తెర పట్టీ పట్టీ కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. తాళం కూడా ఎడం చేత్తోనే తిప్పుతాను.

ఈ అట్టకి రెండు వైపులా వెండిరంగు రేకే ఉంటుంది. మామూలు జ్వరం బిళ్ళల అట్ట మీద ప్లాస్టిక్ బుడగ ఉంటుంది కదా, నొక్కగానే అది లోపలికి వంగుతుంది, బిళ్ళ వెనకాల పల్చటి రేకుని చించుకుని బయటికొస్తుంది. దీనికి ఆ బుడగ కూడా అల్యూమినియం రేకుతోనే చేస్తారు, రెండు వైపులా ప్లాస్టిక్ పొరలు అతికించి. మెడికల్ షాపుల్లో ఆలూ-ఆలూ అంటారు. అది అంత తేలిగ్గా లొంగదు. బొటనవేలి కొసతో గట్టిగా తొయ్యాలి, నా చేతికి లేనిది ఆ బలమే. ఒక రోజు గడియారం పెట్టుకుని చూశాను, ఒక్క బిళ్ళ తీయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అదీ రెండు ముక్కలై వచ్చింది.

పక్కింటి అమ్మాయి ఆదివారం ఆదివారం వచ్చి, వారానికి సరిపడా ఏడు బిళ్ళలూ తీసి గళ్ల డబ్బాలో పెట్టేది. పోయిన వానాకాలంలో గురువారం నాడు మూత తీసి చూస్తే మిగిలిన బిళ్ళలు మెత్తబడి, ఉబ్బి ఉన్నాయి. షాపుకి పట్టుకెళ్లి చూపించాను. "అత్తయ్యగారూ, ఈ బిళ్ళ గాల్లో తేమని పీల్చేస్తుందండీ. వేసుకునేముందే తీయాలి. దీనికి ఇంత గట్టి అట్ట పెట్టేది అందుకే" అన్నాడు ఆ అబ్బాయి. మా కోనసీమ గాలి సంగతి తెలిసిందే, ఉప్పు గిన్నె మూత తీసి ఉంచితే పొద్దుటికి నీళ్లు చేరతాయి. అట్ట గట్టిగా ఎందుకుండాలో నాకు ఆ రోజు అర్థమైంది, ఒప్పుకున్నాను. కానీ ముందే తీసి పెట్టుకోకూడదు, తీరా వేసుకునే వేళకి చేత్తో తీయలేను. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. మరి నేనేం చెయ్యాలి? బీపీ బిళ్ళలు వేసుకునేవాళ్లలో చాలామంది నా వయసువాళ్లే ఉంటారు కదా, ఈ అట్ట తయారుచేసేటప్పుడు మా చేతులు ఎవరికీ గుర్తురాలేదా?

కత్తెరతో అంచు కత్తిరించి చూశాను. వేలు తెగింది, బిళ్ళ కూడా తెగింది. ఆ అట్టకి చివరికి దొరికిన ఉపాయం ఇదీ: చిన్న స్టీలు గ్లాసు మీద అట్టని పల్చటి రేకు కిందికి వచ్చేలా పెట్టి, బుడగ మీద దారపు రీలు నిలబెట్టి అరచేత్తో నొక్కుతాను. బరువంతా అరచేతి మీద పడుతుంది, వేలికి నొప్పి లేదు. బిళ్ళ గ్లాసులో పడుతుంది. నాలాంటి చేతులున్నవాళ్లు చేసి చూడండి.

కంటి చుక్కల సీసా కూడా ఇలాగే ఏడిపిస్తుంది. కొన్నిటికి మూతలోనే ముల్లు ఉంటుంది, మూతని బాగా బిగిస్తే అదే రంధ్రం చేస్తుంది. బిగించే బలం లేక చాలామంది పిన్నీసుతో పొడుస్తారు. దయచేసి అలా చేయకండి, కంట్లో వేసే మందు అది.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. అక్కడ 1970లోనే చట్టం చేసి, పిల్లలు తెరవలేని మూతలు పెట్టించారట. ఆ మూతల్ని పిల్లల చేతే కాదు, 50 నుంచి 70 ఏళ్లవాళ్ల చేత కూడా తెరిపించి చూడాలట, నూటికి తొంభై మందికైనా రావాలట. అప్పటికీ చేతకానివాళ్లు అడిగితే మందుల షాపులో మామూలు మూతే బిగించి ఇస్తారట. అమ్మాయి ఫోన్లో చెబుతుంటే, పెద్దవాళ్ల చేతుల గురించి కూడా ఆలోచించినవాళ్లున్నారు కదా అని నాకు ఏడుపొచ్చింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. జాకెట్టు చంక తిరిగేచోట చిన్న కత్తెర గాటు పెడతాం, గుడ్డ మేం చెప్పినట్టు తిరుగుతుంది. అట్ట అంచున ప్రతి బిళ్ళ దగ్గరా అలాంటి గాటు ఒకటి పెట్టండి, చింపుకుంటాం. గాటు బిళ్ళ దాకా పోకుండా చుట్టూ కాస్త జాగా వదలండి, లోపలికి తేమ పోదు.

పోయిన నెల షాపు అబ్బాయి ఇదే మందు వేరే కంపెనీది చూపించాడు. డాక్టరుగారిని అడిగితే పర్వాలేదు, వాడండి అన్నారు. దాని వెనక రేకు కొంచెం మెత్తన. రీలు అక్కర్లేకుండా రెండు బొటనవేళ్లూ కలిపి నొక్కితే వస్తోంది. ఇప్పుడు డబ్బులిచ్చేముందు షాపులోనే ఒక బిళ్ళ తీసి చూసుకుని, ఆ రోజు మందు అక్కడే వేసుకుని ఇంటికొస్తున్నాను.